జనరేటరు దీపము వెలుగనిచో

బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్టుమెంటు డీజిలు జనరేటరును పరీక్షించుట మేము చూచితిమి. మరమగ్గముల షెడ్డులో జనరేటరు ఉంచుకొన్న సోదరులకు అది పనికివచ్చును.

తాళము త్రిప్పిరి, ఇంజను కదలకమునుపు ఆయిలు దీపము వెలుగలేదు. మాకు అది మంచిదే అనిపించినది. మెకానిక్కు ఒప్పలేదు. ప్రెషరు లేనప్పుడు ఆ దీపము వెలిగి తీరవలెను. వెదుకగా సెన్సారు తీగ తెగియున్నది. అటువంటప్పుడు ఆయిలంతయు కారిపోయినను ఇంజను ఆగదు, బేరింగులు పట్టుకొనువరకు మనకు తెలియదు. తీగ అతికి, ఇంజను నడుచుచుండగా దాని కొసను సెన్సారునుండి తీసి ఇంజను ఒంటికి తాకించెను. ఇంజను తానే ఆగెను. అన్ని ఇంజనులకు ఈ పద్ధతి చెల్లదు, కంపెనీ పుస్తకము చూచుకొనవలెను.

డీజిలు గొట్టముల అతుకులు తడిసియున్నచో మన షెడ్లకు మరింత ముప్పు: నూలు ధూళి డీజిలు పీల్చి వత్తివలె అంటుకొనును. ఇంజను చల్లారినపిదపనే డీజిలు పోయవలెను.