చిట్టికి పెద్దమ్మ జాబు

ముళబాగిలు



నువ్వు నిమ్హాన్స్‌కి పోయొచ్చినావని మీ మేనత్తోళ్లు పెళ్లిలో గుసగుసలు పోయినారంట. మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. 1974లో పాత మెంటల్ ఆస్పత్రినీ, మానసిక ఆరోగ్య సంస్థనీ కలిపి నిమ్హాన్స్ చేసినారు గానీ మనోళ్ల నోట్లో పాత పేరే నిలిచిపోయింది. అననీలే.

మనసు ఒకచోట నిలవనీని ఈ ఏడీహెచ్‌డీ ముప్పై దాటినాక ఏం కొత్త జబ్బని అడుగుతాండారు. కొత్తదేం కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న మగపిల్లోడు బెంచీలెక్కి దూకితే టీచరు కంట్లో పడతాడు. నువ్వు కిటికీ పక్కన సద్దు లేకుండా కూచునేదానివి. అల్లరి చేయని పిల్లని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోతారు? పెద్దయినాక పాలు పొంగిస్తే మగాణ్ణి పరధ్యానమని నవ్వి ఊరుకుంటారు, ఆడదాన్నైతే ఇల్లు పట్టదంటారు. ఏళ్ల తరబడి ఆ మాటలు పడీ పడీ నువ్వు దిగులు పడితే, ముందు ఆ దిగులుకే మందులిచ్చినారు.

బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్‌లో ఉండిన చిన్నవ్వ నీకు తెలుసు కదా. నేను ఎస్సెల్సీ రాసిన ఎండాకాలం ఆమె దగ్గరే ఉన్నా. గని సైరన్ మోగితే పొయ్యి మీద ఎసరు, మళ్లీ మోగేసరికి డబ్బీ గుమ్మంలో. వాళ్లాయన షిఫ్టుకి ఏనాడూ ఆలస్యం కాలేదు. సైరన్‌తో పనిలేని పనులు చూడాల! ముగ్గు సగం వేసి, బట్టలు నానబెట్టి, పక్కింట్లో కూచొని కథలు చెప్తాండేది. ఎంత బాగా చెప్పేదనుకున్నావు, నేనే అన్నం మరిచి వినేదాన్ని. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినాక ఆ ఇంట్లో పూటకీ పూటకీ తేడా లేకుండా పోయింది. ఆమెకీ ఇదే ఉన్నిందని నేను చెప్పలేను గానీ, ఇది వంశంలో నడుస్తుందని నీ డాక్టరే అన్నాడు కదా. నీక్కూడా బయటినుంచి మోగేదొకటి కావాల. ఫోన్లో అలారాలు పెట్టుకో. నీ మతిని తిట్టుకుంటే అది మోగదు.

ఇక గ్యాస్ పొయ్యి. తాళాలు పోగొట్టుకో, ఛార్జర్లు పోగొట్టుకో, మళ్లీ కొనుక్కోవచ్చు. పాలు పెట్టి ఫోన్ ఎత్తొద్దు. పాలు పెట్టి స్నానానికి అసలే పోవద్దు. ఆర్పినాక పొయ్యికి ఫొటో తీసుకో, ఆఫీసు దోవలో అనుమానం వస్తే చూసుకోవచ్చు. పడుకునే ముందు రెగ్యులేటరు కట్టెయ్యి. రబ్బరు ట్యూబు ఐదేళ్లకోసారి మార్చాల, తేదీ దాని మీదే ఉంటుంది చూడు. దీనికీ నీ జబ్బుకీ సంబంధం లేదు, అయినా చెప్తాండా. అన్నిటికంటే మేలు, టైమరున్న కరెంటు పొయ్యి కొనుక్కో, దానికదే ఆరిపోతుంది. డబ్బు నేనిస్తా. మీ అమ్మకి చెప్పొద్దు.

తింటాండావా? ఏడీహెచ్‌డీకి ఇచ్చిన మాత్ర ఆకలి చంపుతుందంట, మింగకముందే కడుపు నిండా తిను. బీపీ, గుండె వేగం చూపించుకుంటా ఉండు. నెలసరికి ముందు మతి మరీ జారిపోతుందని రాసినావు. ఈస్ట్రోజెన్ తగ్గే రోజులవి, కొందరికి అట్లా అవుతుంది. సిగ్గుపడక తేదీలు రాసుకొనిపోయి డాక్టరుకి చూపించు. ఒంటి మీద అంత బరువేసుకొని చదివి, ఉద్యోగం తెచ్చుకొని, తమ్ముడి ఫీజు కట్టినావు నువ్వు. మేనత్తోళ్లకి అది కనబడదు.

పన్నెండేళ్ల లోపలి గుర్తులేమన్నా ఉంటే డాక్టరు తెమ్మన్నాడన్నావు. 2013కి ముందైతే ఏడేళ్ల లోపలివే అడిగేవాళ్లు, ఇప్పుడు నయం. నీ నాలుగో క్లాసు ప్రోగ్రెస్ కార్డు నా బీరువాలోనే ఉంది. క్లాసులో కూచుంటుంది గానీ క్లాసులో ఉండదని టీచరమ్మ కన్నడంలో రాసింది. శనివారం తమ్ముడితో బెంగళూరు బస్సులో పంపిస్తా. రెండు కాపీలు తీయించుకొని అసలుది వాడి చేతికే ఇచ్చి పంపు. నీ దగ్గర పెట్టుకోవద్దు.

ఇట్లు,
పెద్దమ్మ