గూడు చాలదు, తోడు కావాలి



గద్వాల రైల్వే స్టేషనులోనో, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండులలోనో మాసిన గుడ్డలతో ఒక మూల పడుకొని ఉన్నవారిని మీరు చూసే ఉంటారు. పాలమూరు వలసలు మనకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ వెంట దూరం పోయినవాడు జబ్బుపడి తిరిగి వచ్చేసరికి ఇల్లు కూలి, అయినవారు దూరమైతే అతడు రోడ్డున పడతాడు. అటువంటివారికి ఒక గది చూపించి, అన్నం పెడితే మన బాధ్యత తీరినట్లేనా?

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని గుర్తు చేసుకోండి. మనం అతని జాలిని మాత్రమే తలచుకుంటాం. అతడు చేసిన పనులను వరుసగా చూడండి. గాయాలు కట్టాడు. తన వాహనంపై ఎక్కించుకున్నాడు. సత్రానికి చేర్చి కనిపెట్టుకొని ఉన్నాడు. మరునాడు సత్రం యజమానికి డబ్బిచ్చి అప్పగించాడు. తిరిగి వచ్చినప్పుడు మిగతా ఖర్చు ఇస్తానన్నాడు. వైద్యం, ప్రయాణం, వసతి, ఖర్చు, మళ్లీ వచ్చి చూడడం, ఈ ఐదూ ఒకే మనిషి చేతిలో కలిశాయి. అందుకే అది పూర్తి సాయమైంది.

క్షయ వ్యాధినే తీసుకుందాం. దానికి సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉచితం. పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇస్తున్నది. అయితే ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కార్డు పోగొట్టుకున్నవానికి, ఖాతా లేనివానికి అదెలా అందుతుంది? కొంచెం తేరుకోగానే మందు మాని కూలికి పోతే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మామూలు మందులకు లొంగకపోవచ్చు కూడా.

మతి చలించి తిరిగేవారి సంగతి మరింత కష్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వారిని లాకప్పులో ఉంచరాదన్నది. రక్షణలోకి తీసుకున్న పోలీసులు 24 గంటలలోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, ఇంటివారిని వెదకాలి. ఇల్లు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచివేయకూడదని కూడా ఆ చట్టం చెప్పింది. మరి వారెక్కడ ఉండాలి? చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ 2015లో ఒక దారి చూపింది. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో ఒక ఇంట్లో ఉంటారు. వండుకుంటారు, బజారుకు పోతారు. మందు వేళకు గుర్తుచేసి, డాక్టరు వద్దకు తోడుపోయే సహాయకురాలు ఉంటుంది.

మన ప్రాంతంలో ఆసుపత్రులు దగ్గరయ్యాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కాని రోగి ఆసుపత్రి గడప దాటిన తరువాత అతని వెంట నడిచేవారెవరు?

అది మన విచారణలోని కుటుంబాలు చేయగల పని. ఆశ్రయం పొందిన ఒక్కొక్కరికి ఒక కుటుంబం తోడుండాలి. ఒక నోటుపుస్తకంలో జబ్బు పేరు, మందులు, మళ్లీ చూపించవలసిన తేదీ రాసిపెట్టాలి. ఆశా కార్యకర్తకు ఆ మనిషిని పరిచయం చేయాలి. కార్డు కోసం, ఖాతా కోసం తోడు వెళ్లాలి. మనసు బాగులేనప్పుడు 14416కు ఫోను చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. ఏది చేసినా ముందు ఆ మనిషిని అడిగి, అతని ఇష్టం తెలుసుకొని చేయాలి. అతడు మన దయకు గుర్తు కాదు, మన పొరుగువాడు.

ఇంట్లో కలిసి ఆలోచించండి:

1. మన వీధిలో ఇల్లు లేనివారెవరు? వారి పేరు మనకు తెలుసా?

2. మనం చేసిన సాయం ఏ మెట్టు వద్ద ఆగిపోయింది?

3. వచ్చే ఆరు నెలలు ఒకరికి తోడుండడానికి మన ఇంట్లో ఎవరు సిద్ధం?