కార్యాలయపు ప్రింటరు – దానివలని అపాయములు

కార్యాలయమున నొక మూల నుండు ప్రింటరును కాగితముపై అచ్చొత్తు పనిముట్టుగా మాత్రమే పలువురు తలంతురు. నిజమునకు అదియు నొక కంప్యూటరే. దానికి జ్ఞాపకముంచుకొను శక్తి కలదు; నెట్‌వర్కునందు దానికొక చిరునామా కలదు; వచ్చిన పనిని స్వీకరించు ద్వారము కలదు. సామాన్యముగా ఆ ద్వారపు సంఖ్య 9100. పంపినవా రెవరని అది తనంతట అడుగదు. కార్యాలయపు గోడలలోపల ఇది సౌకర్యమే. ఇంటర్నెట్టున కెదురుగా తెరచియుంచినచో దారిని పోవు వాడెల్ల దానిచే వ్రాయింపగలడు. 2018 నవంబరునందు ఒకడు ఇట్టి ప్రింటర్లను వేలకొలది వెదకి, తన కిష్టమైన యూట్యూబు వినోదకారునికి చందాదారులు కావలసినదని కోరు కాగితములను అచ్చొత్తించెను. కొంటెతన మని నవ్వవచ్చును; కాగితపు ఖర్చు మాత్రము ఇతరులది.

నవ్వదగని సంగతి వేరొకటి కలదు. బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకు విదేశములకు పంపు ధనపు ఉత్తరువులు స్విఫ్టు అను సందేశవ్యవస్థద్వారా పోవును. వాని నిర్ధారణపత్రములు ప్రింటరునుండి వెలువడును. 2016 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి, ఆ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడిన దొంగలు న్యూయార్కులోని దాని ఖాతానుండి సుమారు 95 కోట్ల డాలర్లకు 35 ఉత్తరువులు పంపిరి. ఆ పత్రములు బయటికి రాకుండ ప్రింటరు నోరునుగూడ నొక్కిరి. మరునాడు శుక్రవారము, ఆ దేశమున సెలవుదినము. యంత్రము పనిచేయకుండుట చూచి ఉద్యోగులు అది మామూలు చెడుగే యనుకొనిరి. దానిని బాగుచేసి సంగతి గ్రహించునప్పటికి న్యూయార్కున వారాంతపు సెలవు వచ్చెను. పెక్కు ఉత్తరువులు ఆగిపోయినను, 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సు చేరెను. ఉద్యోగులను తప్పుపట్టుట సులభము. ప్రింటరు మూగవోయిన దొంగలు పడిరని మనలో నెవరికి తోచును?

పెద్ద నకలుయంత్రములు అనేకములలో డిస్కు ఉండును. 2010లో అమెరికాయందు సీబీయస్ వార్తాసంస్థవారు వాడిన యంత్రములు కొన్ని కొని పరీక్షింపగా, పోలీసువారి కాగితములును, రోగుల వైద్యవివరములును బయటపడెను. మనమును ప్రశ్నపత్రమును బీరువాలో పెట్టి తాళము వేయుదుము. దానిని అచ్చువేసిన యంత్రమును గూర్చి తలంపము.

కావున తయారుచేసినవారిచ్చిన పాస్‌వర్డును మొదటిదినముననే మార్చవలెను. ఇంటర్నెట్టునుండి ప్రింటరునకు నేరుగా దారి యుండరాదు. దాని సాఫ్ట్‌వేరునకు వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు చేర్చవలెను. అమ్మునపుడుగాని, అద్దె గడువు తీరి యంత్రమును తిరిగి పంపునపుడుగాని డిస్కును తుడిపించవలెను. అది సాధ్యముకానిచో విప్పి తీసి మనయొద్దనే యుంచుకొనవలెను.