ఇచ్ఛా పరిమాణ వ్రతము – నేటి షేర్ల బజారు

బజారు పడిన రోజున మన ఇండ్లలో వినబడు ప్రశ్న ఒక్కటే: "ఉన్నవి అమ్మివేయుదమా, పట్టుకొని యుందుమా?" తేజీ రోజున వినబడునది మరియొకటి: "ఇంకను కొందుమా?" ఈ రెండు ప్రశ్నలకును ఆనాడే సమాధానము వెదకుట కష్టము. భయము పట్టిన మనస్సునకు లెక్క తోచదు. ఆశ పట్టిన మనస్సునకు అపాయము తోచదు. కావున ఆ సమాధానమును బజారు నెమ్మదిగా నున్ననాడే నిర్ణయించుకొని పద్దు పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను. మన శ్రావకాచారమందు దీనికి తగిన వ్రతమొకటి కలదు. దానిని నేటి పెట్టుబడులకు అన్వయించి చూచుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

వ్రత స్వరూపము

ఐదు అణువ్రతములలో చివరిది పరిగ్రహ పరిమాణము. సమంతభద్రాచార్యులు తమ రత్నకరండక శ్రావకాచారమున దీనినే ఇచ్ఛా పరిమాణమనియు పేర్కొనిరి. ధనము ఇంత, ధాన్యము ఇంత, భూమి ఇంత అని గృహస్థుడు తానే హద్దు గీసికొని, అంతకు మించిన దానిపై కోరిక విడుచుట ఈ వ్రతము. కొలత వస్తువుతో ఆగక కోరికను గూడ తాకవలెనని ఆ రెండవ పేరు తెలుపుచున్నది.

శ్వేతాంబర ఆగమమగు ఉపాసకదశాంగ సూత్రమున వాణిజ్యగ్రామ వాసియగు ఆనంద శ్రావకుని కథ కలదు. ఆయనకు నాలుగు కోట్ల బంగారు నాణెములు నిధిగాను, నాలుగు కోట్లు వృద్ధికై వ్యవహారమునందును, నాలుగు కోట్లు ఇంటి సంపదగాను ఉండెను. మహావీరస్వామి సన్నిధిని వ్రతము గైకొన్నపుడు ఆయన వీనినే హద్దుగా నిలుపుకొనెను. వ్యవహారములో తిరుగుచున్న ధనమెంతయో, కదలక నిధిలో నున్న ధనమును అంతయే యని వర్తకులమైన మనము గమనింపవలెను. అయితే ఆనందుడు లాభము కొరకు వ్రతము పట్టలేదు. ఆశను అణచుటకు పట్టెను. నష్టభయము తగ్గుట దానికి కలుగు అనుబంధ ఫలము మాత్రమే.

బొంబాయి నేర్పిన పాఠము

1861లో అమెరికా అంతర్యుద్ధము ఆరంభమై, అచటి పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరుట ఆగిపోయినది. బొంబాయి పత్తికి ఎన్నడు లేని ధర పలికినది. వచ్చిన ధనము షేర్లలోనికి, సముద్రమును పూడ్చి నేల చేయు కంపెనీలలోనికి ప్రవహించినది. ఆ తేజీకి నాయకుడు సూరతులో జన్మించిన జైన వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1865లో యుద్ధము ముగిసెను. పత్తి ధర పడెను. జూలై 1వ తేదీన వాయిదా బేరముల గడువు తీరగా చెల్లింపజాలినవారు కొలదిమంది. షేర్ల హామీపై విరివిగా అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకు షేరు 2,850 రూపాయలనుండి 87 రూపాయలకు దిగజారినది. 1868లో ఆ బ్యాంకు మూతపడినది. ప్రేమ్‌చంద్ వ్యాపారమును కూలినది. 1864లో ఆయన విశ్వవిద్యాలయమునకిచ్చిన దానముతో, తల్లి రాజాబాయి పేర లేచిన గడియార స్తంభము మాత్రము నేటికిని బొంబాయిలో నిలిచియున్నది.

నాడు పత్తి ధర పడుట ఎవరి చేతిలోను లేదు. అప్పుచేసి వాయిదా బేరమాడుట మాత్రము ఆడినవాని చేతిలోనిదే.

ఐదు అతిచారములు

ఈ వ్రతమునకు సమంతభద్రాచార్యులు ఐదు అతిచారములు చెప్పిరి. ఎద్దుల బండ్లు, ధాన్యపు కొట్లు ఉన్ననాటి మాటలైనను నేటి మదుపరికి అవి సరిగా తగులును.

1. అతివాహనము. పశువు సుఖముగా నడువగల దూరమును మించి తోలుట. ధనమునకు దూరమనగా కాలము. రెండేండ్లలో అమ్మాయి పెండ్లికి, అబ్బాయి చదువునకు కావలసిన ధనమును షేర్లలో నుంచుట దానిని శక్తికి మించి తోలుటయే. 2008 జనవరిలో 21,000 దరిదాపున నున్న సెన్సెక్సు అదే సంవత్సరము అక్టోబరులో ఒకనాడు 8,000 కంటె దిగువకు పోయెను. 2010 నవంబరులో పాత మెట్టును తాకి జారి, మరల 2013 చివరనే అచటికి చేరెను. 2020లో మాత్రము జనవరిలో 42,000 నుండి మార్చిలో 26,000 దిగువకు పడి, నవంబరునాటికే కోలుకొనెను. ఒకమారు నెలలు, ఒకమారు ఏండ్లు. ముందుగా చెప్పగలవారు లేరు.

2. అతిసంగ్రహము. ధర పెరుగునను ఆశతో ధాన్యమును అమితముగా కూడబెట్టుట. ఒకే కంపెనీలో, ఒకే రంగములో ఉన్నదంతయు పోయుట ఇట్టిదే. బంగారపు వర్తకుడు తన పొదుపును గూడ బంగారములోనే, వస్త్ర వర్తకుడు బట్టల మిల్లు షేర్లలోనే పెట్టినచో, కొట్టు మందగించిననాడు పొదుపును మందగించును.

3. విస్మయము. తాను లాభమునకే అమ్మిన సరుకుపై, కొన్నవానికి ఇంకను అధిక లాభము వచ్చినదని విని కుందుట. ప్రక్కింటివాని లాభము విని, దిగిపోయిన బండిని పరుగెత్తి మరల ఎక్కువారు సాధారణముగా అధిక ధరకే కొందురు.

4. లోభము. తగిన లాభము వచ్చినను ఇంకను కావలెనని పట్టుకొని యుండుట. షేర్ల భాగము మనము గీసిన గీతను దాటినపుడు మించినంతవరకు అమ్మి డిపాజిటులోనికి మరల్చుట దీనికి విరుగుడు.

5. అతిభారవాహనము. మోయలేని బరువు నెత్తుట. అప్పు తెచ్చి షేర్లు కొనుట, కొద్ది సొమ్ము కట్టి పెద్ద మొత్తమునకు ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరమాడుట ఈ కోవలోనివి. 2021–22 నుండి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఇట్టి బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, వారి నష్టము మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినదనియు 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించినది.

వ్రతమును మాటలో నిలిపి అర్థములో తప్పించుటను గూడ పూర్వులు ఎరుగుదురు. ఒక్క ఇల్లే చాలునని వ్రతము పట్టినవాడు ప్రక్క ఇల్లు కొని నడిమి గోడ పడగొట్టి, "ఇదియు ఒక్క ఇల్లే" అనుట అతిచారమని చెప్పిరి. షేర్లకు హద్దు గీసికొని, మించినది కుమారుని పేర కొనుట ఆ గోడను పడగొట్టుటయే.

ఇంటి లెక్క

కొట్టు పెట్టుబడి గాక 20 లక్షల పొదుపు, నెలకు 50,000 ఖర్చు గల కుటుంబమును ఉదాహరణగా తీసికొందము.

ఆరు నెలల ఖర్చు, అనగా 3 లక్షలు, కోరినంతనే చేతికి వచ్చునట్లు బ్యాంకులో నుంచవలెను. ఐదేండ్లలో రానున్న పెండ్లికి, చదువునకు 7 లక్షలు డిపాజిటులలో నుంచవలెను. బ్యాంకు మూతపడినను ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షలవరకు భీమా రక్షణ 2020 ఫిబ్రవరి 4 నుండి కలదు. కావున ఈ మొత్తమును రెండు బ్యాంకులలో పంచుట మేలు. మిగిలిన 10 లక్షలలో 4 లక్షలు బంగారము, ప్రభుత్వ పత్రములు. 6 లక్షలు షేర్లు లేక షేర్ల ఫండ్లు. ఈ 6 లక్షలే ఆ ఇంటి గీత.

బజారు సగమునకు పడినదనుకొందము. 3 లక్షలు తరిగి, మిగిలినవి మారనిచో పొదుపు 17 లక్షలగును. పెండ్లి ఆగదు, కొట్టు ఆగదు, షేర్లను ఆనాటి ధరకు అమ్మవలసిన అగత్యము రాదు. మొత్తము 20 లక్షలు షేర్లలో నున్నచో 10 లక్షలు మిగులును. మరల 20 కావలెనన్న ఉన్నది రెట్టింపు కావలెను. నూటికి 50 పడిన దానికి నూటికి 100 పెరుగుట అవసరము.

జీతగానికంటె వర్తకుడు ఈ గీతను తక్కువగానే గీసికొనుట క్షేమము. బజారు మందగించిననాడు వర్తకుని అమ్మకములు తగ్గును, అరువు బాకీలు వసూలు కావు, సరుకిచ్చినవారు తొందరపెట్టుదురు. అతని జీవనమే ఒక పెట్టుబడి.

అభ్యాసము

పర్యూషణ పర్వమునగాని, దీపావళి పద్దు ప్రారంభముననాడుగాని ఇంటిల్లిపాది కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెనని ప్రార్థన.

1. ఐదేండ్లలోపల కావలసిన ధనమెంత? అది ఎచట నున్నది?
2. షేర్లలో ఎంతవరకు ఉంచవచ్చును? ఆ గీత దాటిన ఏమి చేయుదుము?
3. షేర్లకై తెచ్చిన అప్పు ఏదేని ఉన్నదా? దానిని ఎప్పటికి తీర్తుము?
4. ఆ కంపెనీలలో హింసతో, మద్యముతో, పొగాకుతో కూడిన వ్యాపారము చేయునవి కలవా? ఫండులో నున్నవానిని గూడ చూచితిమా?
5. ప్రతి ఖాతాకు నామినీ పేరు వ్రాయించితిమా? ఆ వివరములు ఇంటి ఇల్లాలికి తెలియునా?
6. గీతకు మించి వచ్చిన దానిలో దానమునకెంత?

జై జినేంద్ర.