నొప్పి లేని మచ్చ



సిరియా సేనాధిపతి నామాను కథ మీ అందరికీ తెలిసినదే. రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో ఉన్నది. ఈ ఆదివారం పూజ నుండి వచ్చిన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ అధ్యాయాన్ని మరొకసారి చదువుకొనండి.

నామాను గొప్ప వీరుడు, రాజుకు కుడిభుజం వంటివాడు. కాని ఒంటిమీద కుష్ఠు. చెరపట్టి తెచ్చిన ఒక ఇశ్రాయేలు బాలిక వారింట్లో పనిచేస్తూ, సమరియాలో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళితే అయ్యగారికి నయమవుతుందని యజమానురాలికి చెప్పింది. నామాను వెండి బంగారాలు మూట గట్టుకొని, రథాలతో బయలుదేరాడు. ప్రవక్త ఎలీషా గుమ్మం దాటి బయటకు కూడా రాలేదు. యోర్దాను నదిలో ఏడు మార్లు మునిగితే చాలునని మనిషి చేత కబురు పంపాడు. నామానుకు ఒళ్లు మండిపోయింది. గుర్రాలను వెనక్కు తిప్పాడు.

ఎందుకు? స్వస్థత ఎలా జరగాలో ఆయన దారిలోనే మనసులో బొమ్మ గీసుకొని వచ్చాడు. ప్రవక్త ఎదురు వస్తాడు, తన దేవుని పేరెత్తి ప్రార్థిస్తాడు, మచ్చమీద చేయి ఆడిస్తాడు అనుకొన్నాడు. మునగడానికైతే దమస్కు నదులు లేవా అనుకొన్నాడు. ఆలోచించండి. అంత దూరం ప్రయాణం చేశాడు, డబ్బుకు లోటు లేదు, వైద్యం చేతికి అందినది. ఆయనకూ ఆరోగ్యానికీ నడుమ అడ్డు నిలిచినది ఆయన ముందుగా అనుకొని వచ్చిన మాట ఒక్కటే.

పవిత్ర గ్రంథంలో కుష్ఠు అన్న పేరు కింద అనేక చర్మవ్యాధులు వస్తాయని పండితులు చెబుతారు. అందుచేత నామానుది సరిగ్గా నేటి కుష్ఠువ్యాధేనని చెప్పలేము. కాని నామాను కథలోని పాఠాన్ని నేటి కుష్ఠువ్యాధి చక్కగా విడమరచి చెబుతుంది. మన ప్రాంతానికి ఆ వ్యాధి బాగా ఎరుకే.

నొప్పి లేదు కనుక జబ్బు లేదు

ఈ వ్యాధి ఎలా మొదలవుతుంది? ఒంటిమీద ఒక చిన్న మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం పాలిపోయి గాని, ఎర్రగా గాని ఉంటుంది. దురద లేదు, మంట లేదు, నొప్పి లేదు. శోభి అయి ఉంటుందిలే అనుకొంటారు. తేలు కుడితే పరుగెత్తుతాం, పన్ను సలిపితే రాత్రంతా కూర్చుంటాం. నొప్పి లేనిదాన్ని జబ్బు అని మనం లెక్క కట్టము. కాని ఈ వ్యాధిలో నొప్పి లేకపోవడమే అసలు గుర్తు. ఈ క్రిమి నరాలను పట్టుకొంటుంది. క్రమంగా స్పర్శ పోతుంది. పొయ్యిమీది గిన్నెను ఉత్త చేతితో దించినా తెలియదు. చెప్పులో మేకు దిగి రోజంతా గుచ్చుకొన్నా తెలియదు.

వేళ్లు అరిగిపోవడం చూసి, రోగమే మాంసాన్ని తినేస్తున్నదని లోకం చాలాకాలం నమ్మింది. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, ఈ రోగుల చేతులను, పాదాలను శ్రద్ధగా పరీక్షించారు. వేళ్లు పోవడానికి ముఖ్య కారణం తెలియకుండా తగిలే గాయాలు, కాలిన పుండ్లేనని ఆయన చూపించారు. కాపాడుకొంటే వారి గాయాలు కూడా అందరి గాయాల లాగే మానుతాయని రుజువు చేశారు. వంకర తిరిగిన చేతులకు శస్త్రచికిత్స చేసి తిరిగి పనిలోకి తెచ్చారు.

మొలొకాయి దీవిలో కుష్ఠురోగుల మధ్య నివసించిన డామియన్ గురువుల సంగతి కూడా గుర్తు చేసికొనండి. 1873లో ఆయన అక్కడికి వెళ్లారు. 1884 డిసెంబరులో ఒకనాడు సలసల కాగిన నీళ్లలో పాదం పెట్టారు. చర్మం బొబ్బలెక్కినది గాని నొప్పి తెలియలేదు. తనకూ ఆ వ్యాధి సోకిందని అప్పుడు గ్రహించారు. 1889 ఏప్రిల్ 15న కన్నుమూశారు. 2009 అక్టోబరు 11న పోపు 16వ బెనెడిక్టు వారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనసులో ముందే పాతుకొన్న అభిప్రాయం అచ్చంగా ఇటువంటి మచ్చ. తనకు తెలియదని తెలిసినవానికి ఆ వెలితి ముల్లులా గుచ్చుకొంటుంది. వాడు అడుగుతాడు, చదువుతాడు, నేర్చుకొంటాడు. తెలియకపోయినా తెలుసుననుకొనే వానికి ఏ బాధా ఉండదు. బాధ లేదు కనుక వైద్యం వెదకడు. మనిషి తన అభిప్రాయాలకు తానే బందీ కావడానికి కారణం ఇదే.

పండితులకూ తప్పలేదు

ఇది చదువులేని వారి లోపమని అనుకోవద్దు. పందొమ్మిదవ శతాబ్దంలో నార్వే దేశపు బెర్గెన్ నగరంలో డేనియల్సన్ అనే మహావైద్యుడు ఉండేవాడు. కుష్ఠు గురించి ఆయన మాటకు ఎదురు లేదు. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, అంటుకొనేది కాదు అని ఆయన సిద్ధాంతం. దానిని నిరూపించడానికి రోగి శరీరం నుండి తీసిన పదార్థాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకొన్నాడు. ఎంత ధైర్యం! ఏమీ కాలేదు. చూశారా, నేను చెప్పినదే నిజమని భావించాడు. చాలామంది శరీరాలకు ఈ క్రిమిని తట్టుకొనే శక్తి సహజంగానే ఉంటుందని ఈనాడు మనకు తెలుసు. ఆయనకు ఏమీ కాకపోవడానికి అది చాలు. 1873లో ఆ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూసినవాడు హాన్సెన్. ఆయన ఎవరో కాదు, డేనియల్సన్ అల్లుడే.

ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ సంగతే వివరించాడు. మనసు ఒక అభిప్రాయానికి వచ్చిన తరువాత, దానికి అనుకూలమైనవి మాత్రమే ఏరుకొంటుంది, ఎదురైనవి పక్కకు నెడుతుంది అన్నాడు. ఇటువంటి భ్రమలకు ఆయన పెట్టిన పేరు విగ్రహాలు. దేవుని మొదటి ఆజ్ఞను తలచినప్పుడు మనకు రాతివి, చెక్కవి గుర్తుకు వస్తాయి. మనసులో నిలబెట్టుకొన్నవాటి ముందు కూడా మనం రోజూ సాగిలపడుతూనే ఉంటాము.

మన జిల్లాలో

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు మందులు మింగితే వ్యాధి నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు సోకే ప్రమాదం తొలగిపోతుంది. దేశంలో ఈ చికిత్స మొట్టమొదట అందిన కొద్ది జిల్లాలలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఉన్నాయి. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఎన్నో ఏళ్లు ఈ రోగులకు సేవ చేసింది. జాతీయ స్థాయిలో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికంటే తక్కువకు దిగిందని 2005 డిసెంబరులో దేశం ప్రకటించుకొన్నది.

అయినా మన దేశంలో ఏటా దాదాపు లక్ష మంది కొత్త రోగులు బయటపడుతున్నారు. ప్రపంచం మొత్తంలో సగానికి పైగా మనవారే. మందు ఉన్నది, ఉచితంగా ఇస్తున్నారు. మరి అడ్డం ఏమిటి? అది పెద్ద రోగం, పాపఫలం, వంశానికంతటికీ మచ్చ, బయటపడితే పిల్లకు పెళ్లి కాదు అనే మాటలు. ఈ మాటలు ఇరుగుపొరుగువారు మాత్రమే నమ్మడం లేదు, రోగి కూడా నమ్ముతున్నాడు. అందుకే పొడుగుచేతుల చొక్కా తొడిగి మచ్చను దాచుకొంటున్నాడు. మందుతో పోవలసిన మచ్చ అవిటితనంగా మారుతున్నది.

చట్టానికి కూడా ఈ మచ్చ ఉండేది. కుష్ఠురోగులను విడిగా ఉంచమన్న 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో ఈ వ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది. దానిని తొలగించినది 2019లో. వ్యాధికి మందు వచ్చిన ముప్పై ఎనిమిదేళ్లకు చట్టం మారింది. మన ఇళ్లలో మాట మారిందా?

నామాను ఎలా బయటపడ్డాడు?

తిరిగి కథలోకి వెళదాం. నామాను కోపం తనంతట తాను చల్లారలేదు. వెంట వచ్చిన సేవకులు దగ్గరకు వెళ్లి, ప్రవక్త ఏదైనా కష్టమైన పని చెబితే చేసి ఉండేవారు గదా, ఇంత సులభమైనది చేస్తే ఏం పోయింది అని మర్యాదగా అడిగారు. సేనాధిపతి ఆ మాట విన్నాడు, నదిలో దిగాడు, బాగుపడ్డాడు. దారి చూపినది పనిపిల్ల, నిలబెట్టినది సేవకులు.

స్పర్శ పోయినచోట పోయిందని మనకు మనంగా తెలుసుకోలేము. వైద్యుడు కళ్లు మూసుకోమని చెప్పి, ఈకతో తాకి, ఎక్కడ తాకానో చూపించమంటాడు. మనసు సంగతి కూడా అంతే, మరొకరు తాకి చూడాలి. ఆ తాకేది చాలాసార్లు మనం లెక్కచేయని మనిషే. ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలు, పదో తరగతి చదివే కొడుకు, పొలంలో కూలికి వచ్చిన అమ్మ, ఊరి ఉపదేశి. వారి మాట మనకు చురుక్కుమన్నదంటే సంతోషించాలి, అక్కడ ఇంకా స్పర్శ ఉన్నదన్నమాట.

నతనయేలు కూడా నజరేతు నుండి మంచి రావడం సాధ్యమా అనుకొన్నవాడే. ఫిలిప్పు ఆయనతో వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. నతనయేలు లేచి వెళ్లాడు. తన అభిప్రాయాన్ని వదలకుండానే, దానిని వెంటబెట్టుకొనే వెళ్లాడు. ప్రభువును చూసిన తరువాత అది దానంతట అదే రాలిపోయింది. మనల్ని కూడా ప్రభువు అడిగేది ఆ కొద్దిపాటి నడకే. ఆ వీధివాళ్లంతా అంతే అంటాము, ఆ వీధిలో ఒక పూట కూర్చొన్నామా? మా వాడికి లెక్కలు రావు అంటాము, వాడి పక్కన కూర్చొని చెప్పించామా? తాగేవాడు మారడు అంటాము, మానాలని చూస్తున్నవానితో ఒకమారు మాట్లాడామా?

ఈ వారం రెండు పనులు చేయండి. మొదటిది, ఇంట్లో ఎవరి ఒంటిమీదనైనా స్పర్శ తెలియని మచ్చ ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని నరసన్నపేట ప్రభుత్వ ఆసుపత్రికి గాని వెళ్లండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. రెండవది, రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఈ ప్రశ్నలు మాట్లాడుకొనండి.

1. మన ఇంట్లో చాలాకాలంగా అందరం నమ్ముతున్నా, ఎవరమూ ఎన్నడూ పరీక్షించి చూడని మాట ఏది?

2. ఈ ఏడాది మనకంటే చిన్నవారు చెప్పగా కోపం వచ్చిన మాట ఏది? అందులో నిజమెంత?

3. ఎవరి ఇంటికి ఈ వారం వెళ్లి చూడవచ్చు?

ప్రభువు కుష్ఠురోగిని ముందు తాకాడు, తరువాత బాగుచేశాడు. ఆ చేయి మన మనసులోని మొద్దుబారిన చోటుకు కూడా తగలాలని ప్రార్థించుకొందాం.