అమ్మానాన్నలను అమెరికాకు పిలుచుకొనువారికి

ఏటేటా వేసవి రాగానే న్యూజెర్సీ మొదలు టెక్సాసు వరకు తెలుగువారి యిండ్లకు ఆవకాయ సీసాలు సర్దుకొని తల్లిదండ్రులు తరలివత్తురు. ఏటేటా అదే వేసవిలో, కొత్తగా కాపురము పెట్టిన పిల్లలు మా కాలపువారు పడిన గోతులలోనే వరుస తప్పక పడుచుందురు. మొన్న ఒక యువదంపతులు, అత్తగారికి ఎమర్జెన్సీలో వైద్యము జరిగిన పిమ్మట వచ్చిన కవరులన్నియు సంచిలో వేసికొని మా యింటికి రాగా, ఇక ఊరకుండుట న్యాయము కాదనిపించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తేలిక సంగతులు తేలికగానే చెప్పెదను. గోంగూర, కరివేపాకు ఇండియన్ స్టోరులో దొరకును. పోపు పెట్టునపుడు ఫ్యాను వేసి కిటికీ తెరువుడు. లేనియెడల ఎండుమిరప ఘాటుకు పొగ అలారము మ్రోగి వాటాలన్నిటిని మేల్కొలుపును. పసుపుపచ్చని స్కూలు బస్సు ఎఱ్ఱదీపములు వెలిగించి నిలిచినచో కారు ఆపుడు. తొందర పనికిరాదు, దిగునది పసిబిడ్డలు. మార్చి రెండవ ఆదివారమున ఇచ్చటి గడియారములు గంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున గంట వెనుకకు జరుగును. తూర్పుతీరమునకు మన దేశమునకు నడుమ చలికాలమున పదిన్నర గంటలున్న అంతరము వేసవిలో తొమ్మిదిన్నర యగును. ఆ లెక్క మరువకుడు. మన ఫోను వచ్చు వేళకు అచ్చట అమ్మ పొయ్యి కట్టివేసి, అన్నము కూడ వడ్డించుకొనక, వచ్చి కూర్చుండును.

ఇక ఇన్స్యూరెన్సు. ఇచ్చట ఆగి, నిదానముగా చదువుడు.

మా నాన్నగారు తెనాలినుండి వచ్చినప్పుడు, ‘ఆసుపత్రి ఖర్చంతా వస్తుందండీ’ అని ఏజెంటు నమ్మకముగా చెప్పిన పాలసీయే తీసికొంటిమి. ఒక రాత్రి ఆయన స్నానాలగదిలో తల తిరిగి పడిపోగా 911కు ఫోను చేసితిమి. క్షణములలో అంబులెన్సు వచ్చినది. స్ట్రెచరుపై పరుండియే ఆయన, తనను మోయుచున్న కుఱ్ఱవారిలో ఒక్కొక్కరికి చేతులు జోడించి నమస్కరించుచు, ‘ఇంత హడావుడి ఎందుకు నాయనా, కాస్త మజ్జిగ తాగితే సర్దుకునేది’ అనుచుండిరి. రక్తపరీక్షలు, ఈసీజీ, తలకు స్కాను అన్నియు జరిగినవి. ఒంటిలో నీరు తగ్గినదని సెలైను ఎక్కించి తెల్లవారుసరికి ఇంటికి పంపిరి. వైద్యమున లోపము లేదు. ఆ మాట ధర్మముగా చెప్పవలెను.

కవరులు ఆ తరువాత వచ్చినవి. ఆసుపత్రిది ఒకటి, చూచిన డాక్టరుది వేరొకటి, స్కాను చదివినవారిది ఇంకొకటి, అంబులెన్సువారిది మరియొకటి. నాలుగు వీధులు దాటించిన ఆ అంబులెన్సు ఖరీదు నాన్నగారి రానుపోను విమానపు టిక్కెట్టును మించినది. పాలసీ తీసి చూడగా అది ‘ఫిక్స్‌డ్ బెనిఫిట్’ తరగతిది; అనగా స్కానుకు ఇంత, డాక్టరుకు ఇంత అని ముందే గీచిన మొత్తము మాత్రమే కంపెనీ ఇచ్చును, తక్కినదంతయు మనదే. ఏజెంటు ఆ మాట ఎత్తనే లేదు.

కావున, పిల్లలారా, ‘ఫిక్స్‌డ్’ అను మాటయున్న పాలసీ చౌకయని తీసికొనకుడు. ‘కాంప్రెహెన్సివ్’ అనునది తీసికొనుడు. అందును డిడక్టిబుల్ ఎంతయో, నెట్‌వర్కులో మీ ఊరి ఆసుపత్రి కలదో లేదో, పాతజబ్బు అకస్మాత్తుగా తిరగబెట్టినచో ఇచ్చెదరో లేదో చదువుడు. కొత్త కార్లు కొనునప్పుడు రాత్రులు మేలుకొని వివరములు చదువుదురే, కన్నవారి పాలసీకి పది నిమిషములు లేవా? మరల చెప్పుచున్నాను: ఏజెంటు నోటిమాట కాదు, కాగితము చదువుడు.

మా ఊరి డాక్టరుగారి అరుగుమీద ఈ కాగితమేదియు లేదు. కాంపౌండరు ఎఱ్ఱని మందు సీసాలో పోసి, మోతాదులు తెలియుటకై కాగితపుముక్కను గాట్లుగాట్లుగా కత్తిరించి సీసాకు అంటించి ఇచ్చెడివాడు; డాక్టరుగారు నాడి చూచుచునే మా తాతగారి దగ్గును, పెదనాన్నగారి పొలము తగాదాను అడిగెడివారు. డబ్బు లేనినాడు పంటలకు ఇత్తుమనిన, తల ఊపెడివారు. ఆ సీసా వాసన ఇప్పటికిని నాకు జ్ఞాపకమున్నది.

ఇచ్చట అట్లు కాదు. జ్వరమునకు, దగ్గునకు ఎమర్జెన్సీకి పరుగెత్తక అర్జెంట్ కేరుకు పొండు. గుండెనొప్పి, మాట తడబాటు అయినచో లెక్కలు చూడక 911కు చేయుడు. 1986నాటి చట్టము ననుసరించి మెడికేరు సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని, చెల్లింపగలడా యని చూడక, పరీక్షించి ప్రాణాపాయము తప్పింపవలెను. నెట్‌వర్కు బయటి ఎమర్జెన్సీ బిల్లులనుండి కాపాడు 2022నుండి అమలులోనున్న చట్టము మీ ఉద్యోగపు ఇన్స్యూరెన్సు వంటివానికే కాని, సందర్శకుల పాలసీకి కాదు. రోడ్డుపై నడచు అంబులెన్సుకు అదియు వర్తింపదు. బిల్లు రాగానే చెల్లింపకుడు. పద్దు పద్దుగా వివరమడుగుడు. లాభాపేక్షలేని ఆసుపత్రి యైనచో సహాయపు దరఖాస్తు అడుగుడు. మొదటి బిల్లునుండి 240 దినములవరకు వారు దానిని స్వీకరింపవలెను.

మఱియు బిల్లుల సంగతి పెద్దల కంటబడనీయకుడు. మా నాన్నగారు ఒకనాడు బల్లపైనున్న కవరు విప్పి, డాలర్లను రూపాయలు చేసి లెక్కవేసికొనిరి. అది మొదలు తిరుగుప్రయాణమువరకు నొప్పియని కాని నలతయని కాని ఒక్కమాట చెప్పలేదు. మోకాలు వాచి మెట్లు దిగలేకపోయిన సంగతి ఆయన ఊరు చేరిన పిమ్మట చెల్లెలు ఫోనులో చెప్పగా తెలిసినది. వారున్నంతకాలము తపాలాపెట్టె తాళముచెవి మీయొద్దనే ఉంచుకొనుడు.