నాలుగైదు కిలోల కోసం బరువు తగ్గించే ఇంజెక్షన్ వాడవచ్చా?

ప్రశ్న: ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు ఉన్న 27 ఏళ్ల యువతి 57 కిలోలకు తగ్గాలనుకుంటోంది. షుగర్, బీపీ లేవు. వారానికోసారి తీసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్ ఆమె వాడవచ్చా?

జవాబు: వాడకూడదు. ఈ మందులు ఊబకాయం అనే జబ్బుకు చికిత్సగా తయారైనవి. ఉన్న బరువుకూ కోరుకున్న బరువుకూ మధ్య నాలుగైదు కిలోల తేడా ఉండటం జబ్బు కిందికి రాదు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. ఈ యువతి బీఎంఐ 24.2. ఈ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్‌ను బరువు తగ్గించే మందుగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 జూన్‌లో అనుమతించింది. అప్పుడు పెట్టిన షరతు ప్రకారం బీఎంఐ 30 లేదా అంతకు మించి ఉండాలి. 27 నుంచి 30 లోపు ఉన్నవారికైతే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వంటి బరువుతో ముడిపడిన సమస్య కనీసం ఒకటైనా తోడై ఉండాలి. తరవాత వచ్చిన మరో ఇంజెక్షన్ టిర్జెపటైడ్‌కూ ఇదే షరతు. 160 సెంటీమీటర్ల ఎత్తుకు బీఎంఐ 30 అంటే సుమారు 77 కిలోలు, 27 అంటే 69 కిలోలు. 62 కిలోల మనిషి ఆ దరిదాపుల్లో లేనట్టే.

షరతు అక్కడే ఎందుకు పెట్టారంటే, మందును పరీక్షించింది ఆ బరువు ఉన్నవారి మీదే కాబట్టి. సెమాగ్లూటైడ్ పనితనాన్ని తేల్చిన ‘స్టెప్ 1’ పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. అందరూ పై హద్దులకు లోబడి ఎంపికైనవారే. 68 వారాల్లో మందు తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారి బరువు 2.4 శాతం తగ్గింది. వంద కిలోలున్న మనిషికి ఆ తగ్గుదలతో మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, బీపీ దిగుతుంది, షుగర్ వచ్చే ముప్పు వెనక్కి పోతుంది. 62 కిలోల ఆరోగ్యవంతురాలికి తొలగించాల్సినంత ముప్పు మొదటినుంచీ లేదు. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మాత్రం మనిషి బరువు చూసి రావు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు కూడా అంతే. లాభం కుంచించుకుపోయి నష్టం యథాతథంగా ఉండే చోట మందు రాయడం వైద్యం అనిపించుకోదు.

ప్రశ్న: భారతీయులకు బీఎంఐ హద్దులు తక్కువే కదా? ఆ లెక్కన 24 కూడా అధిక బరువే అవుతుందా?

జవాబు: అవుతుంది. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. భారతీయుల ఒంట్లో అదే బరువుకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ఉదాహరణగా ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉన్నా మనవాళ్లకు చిన్న వయసులోనే షుగర్ ఎందుకు వస్తుందో ఆ రెండు అంకెలు చెబుతాయి.

అయినా 23 అనే హద్దు జాగ్రత్త మొదలుపెట్టడానికి గీసినది. భారతీయ నిపుణులు 2009లో రూపొందించిన మార్గదర్శకాలు కూడా మందుల విషయంలో 27 దగ్గర, జబ్బు తోడైతే 25 దగ్గర ఆగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఈ రకం మందులపై ఇచ్చిన మార్గదర్శకం ఊబకాయం ఉన్న పెద్దల గురించే మాట్లాడింది. అదీ షరతులతో కూడిన సిఫారసే.

కొద్దిగా బరువు ఎక్కువున్న మనిషికి త్రాసు కన్నా టేపు ఎక్కువ సంగతులు చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు పేరుకుంటున్నట్టు. అప్పుడు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, బీపీ, థైరాయిడ్ చూపించుకోవాలి. నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. స్టెరాయిడ్లు, ఓలాంజపిన్, వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడుతుంటే బరువు పెరగడానికి అవే కారణం కావచ్చు. పరీక్షల్లో షుగర్ బయటపడితే లెక్క మారిపోతుంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మొదట షుగర్ మందులుగానే అనుమతి పొందాయి. షుగర్ చికిత్సకు వాడేటప్పుడు బీఎంఐ 27 అనే నిబంధన వర్తించదు. బరువు తగ్గడం ఆ చికిత్సతో పాటు వచ్చే లాభం.

ప్రశ్న: పెళ్లి ముహూర్తం రెండు మూడు నెలల్లో ఉంది. అప్పటి వరకే వాడి ఆపేస్తే నష్టమేమిటి?

జవాబు: ఈ మందు పనిచేసే తీరుకు ఆ గడువు సరిపోదు. సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకోసారి పెంచుకుంటూ 2.4 మిల్లీగ్రాముల పూర్తి మోతాదుకు తీసుకువెళతారు. అక్కడికి చేరడానికే 16 వారాలు పడుతుంది. తొందరపడి మోతాదు పెంచితే వాంతులు పట్టుకుంటాయి. పెళ్లిపనుల మధ్య నీరసంతో సెలైన్ ఎక్కించుకోవాల్సిన అవస్థ ఎవరికీ రాకూడదు.

ఆపేశాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ఈ మందు పేగుల్లో సహజంగా ఊరే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను అనుకరిస్తుంది. పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసి, మెదడుకు కడుపు నిండిందన్న సంకేతం పంపుతుంది. మందు ఆగితే ఆ సంకేతమూ ఆగి ఆకలి తిరిగొస్తుంది. ‘స్టెప్ 1’లో పాల్గొన్నవారిని మందు ఆపాక ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసింది. పైగా తగ్గేటప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. పరీక్షలను బట్టి, తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కానిది, అంటే కండ వగైరా. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే చేరుతుంది. అసలే కండ తక్కువున్న ఒంటికి ఇది రెండు వైపులా నష్టం. ఏడాది తరవాత త్రాసు మళ్లీ పాత 62 కిలోలే చూపినా, లోపలి శరీరం మునుపటి కన్నా బలహీనపడి ఉండవచ్చు.

పెళ్లి అంటే గర్భం విషయమూ ఆలోచించాలి. గర్భం కోసం ప్రయత్నించేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేవారిలో గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. అందువల్ల మందు మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ లాంటి వేరే పద్ధతి పాటించాలి. బ్యూటీ క్లినిక్‌లోనో, తెలిసినవారి ద్వారానో ఇంజెక్షన్ తెచ్చుకునే అమ్మాయికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. అత్యంత ఆందోళన కలిగించే విషయం ఇదే.

ప్రశ్న: పూర్తి మోతాదు కాకుండా అతి తక్కువ మోతాదు తీసుకుంటే సరిపోదా?

జవాబు: 0.25 మిల్లీగ్రాములు శరీరాన్ని మందుకు అలవాటు చేయడానికి ఇచ్చే మోతాదు. మామూలు బరువుకు దగ్గరగా ఉన్నవారు దానితోనే కొనసాగితే మేలు జరుగుతుందని చెప్పే ఆధారాలు లేవు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్‌కు వచ్చాయి. 2026 మార్చితో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు కూడా తీరింది. ధర దిగితే నిజంగా అవసరమున్నవారికి మేలు. అవసరం లేనివారి చేతికీ అంతే సులువుగా అందుతుందన్నదే చిక్కు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులివి.

ప్రశ్న: ఇంజెక్షన్ వద్దనుకుంటే మాత్రలు, పొడులు వాడవచ్చా?

జవాబు: ఆర్లిస్టాట్ మాత్ర తిండిలోని కొవ్వులో సుమారు 30 శాతాన్ని ఒంటికి పట్టకుండా ఆపుతుంది. దాన్నీ ఊబకాయానికే వాడతారు. అన్నం, ఇడ్లీ, తీపి పదార్థాల వల్ల పెరిగిన బరువు మీద అది చేయగలిగింది తక్కువ. నూనె పదార్థాలు తింటే జిడ్డు విరేచనాలు అవుతాయి. థైరాయిడ్ సమస్య లేనివారు బరువు కోసం థైరాయిడ్ మాత్రలు మింగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. సహజ మూలికలని అమ్మే కొన్ని ఉత్పత్తుల్లో సిబుట్రమిన్ కలిసి ఉన్నట్టు ఎఫ్‌డీఏ పలుమార్లు హెచ్చరించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తొలగించిన మందు అది. అంతకు ముందు ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీసి 1997లో, రిమోనబాంట్ మానసిక కుంగుబాటు తెచ్చి 2008లో పక్కకు పోయాయి. ఇప్పటి ఇంజెక్షన్లు వాటికన్నా ఎంతో మెరుగ్గా పరీక్షకు నిలిచినవే. అయినా సన్నగా ఉన్నవారు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు.

ప్రశ్న: మరి ఆ అయిదు కిలోలు తగ్గేదెలా?

జవాబు: తొందర లేకుండా. బరువులో 5 శాతం, అంటే 62 కిలోలకు దాదాపు మూడు కిలోలు తగ్గినా షుగర్, ట్రైగ్లిజరైడ్ల స్థాయి మెరుగుపడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు. తెలుగువారి భోజనంలో అన్నం వాటా సాధారణంగా అంతకన్నా ఎక్కువే. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. రెండు పూటలా కాస్త అన్నం తగ్గించి, ఆ చోటును పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూరలతో నింపితే ఆకలి వేయదు, కండ నిలుస్తుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీలు, చక్కెర వేసిన టీలు ఎన్నిసార్లన్నది ఎవరికి వారు లెక్క వేసుకోవాలి. వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం పెద్దలందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినవే. రెండోది చాలామంది వదిలేస్తారు, ముఖ్యంగా ఆడవారు. మన ఒంటి తీరుకు అదే ఎక్కువ అవసరం.

కోరుకున్న బరువు సరైనదేనా అన్నదీ పరిశీలించాలి. 160 సెంటీమీటర్ల మనిషికి 48 నుంచి 59 కిలోలు ఆరోగ్యకరమైన పరిధి. ఆ పరిధిలో ఉండి కూడా ఇంకా తగ్గాలని తపించేవారికి, తిన్న వెంటనే కక్కుకునేవారికి కావాల్సింది మానసిక వైద్యుల సాయం.

ప్రశ్న: మందుతో 95 నుంచి 72 కిలోలకు తగ్గిన మనిషికి లక్ష్యం ఇంకా రెండు మూడు కిలోల దూరంలో ఉంది. మోతాదు పెంచాలా?

జవాబు: ఇది వేరే పరిస్థితి. ఇలాంటి వ్యక్తికి మందు రాయడం సబబే. బీపీ, షుగర్ అదుపులోకి వచ్చి ఉంటే మిగిలిన రెండు కిలోల కోసం మోతాదు పెంచనవసరం లేదు. లక్ష్యం దగ్గరపడిందని హఠాత్తుగా ఆపడమూ సరికాదు. ‘స్టెప్ 4’ పరీక్షలో 20 వారాల తరవాత మందు కొనసాగించినవారు మరో 7.9 శాతం తగ్గితే, ఉత్తుత్తి ఇంజెక్షన్‌కు మారినవారు 6.9 శాతం పెరిగారు. కొనసాగింపును, మోతాదును రాసిన డాక్టరే నిర్ణయించాలి.

ప్రశ్న: ఇప్పటికే సొంతంగా మొదలుపెట్టినవారు ఏం చేయాలి?

జవాబు: తరవాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరును కలవాలి. కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు ఈ మందులు అసలే వాడకూడదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, ఒక కంటి చూపు ఉన్నట్టుండి మందగించడం వంటివి కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందు వాడేవారి పొట్టలో తిండి ఎక్కువసేపు నిలుస్తుంది, మత్తులో ఉన్నప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందువల్ల ఏ చిన్న ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరుకు ఈ ఇంజెక్షన్ సంగతి దాచకుండా చెప్పాలి.